వ్యానిటీ ఫెయిర్ చదవడం ఎలా: జమాఖర్చుల నోటుబుక్కుతో సమగ్ర మార్గదర్శి

విలియం మేక్‌పీస్ థాకరే రాసిన వ్యానిటీ ఫెయిర్ 67 అధ్యాయాల నవల. ఇంగ్లిష్‌లో సుమారు మూడు లక్షల మాటలుంటుంది. డ్రాయింగు మాస్టారి కూతురు, తల్లీతండ్రీ లేని బెకీ షార్ప్ తన తెలివినీ గొంతునూ పెట్టుబడిగా పెట్టుకుని లండన్ పెద్దిళ్లలోకి ఎలా ఎక్కిందో, ఎక్కడ జారిందో ఇందులో కథ. చదవడం మొదలుపెట్టినవాళ్లు ఆగిపోయే చోట్లు ముఖ్యంగా మూడు. 7వ అధ్యాయం నుంచి 11 దాకా క్రాలీ వంశం పేర్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటర్లూ యుద్ధం ముగిశాక 33 దగ్గర కథ చల్లబడినట్టు అనిపిస్తుంది. 62లో జర్మన్ ఊరి వర్ణన మొదలవగానే ఓపిక పోతుంది.

ఈ మూడూ దాటాలంటే డబ్బు వెంట నడవాలి. ఎవరు ఎవరికి బాకీ, ఆ బాకీ చివరికి ఎవరి నెత్తిన పడింది అని రాసుకుంటూ చదవాలి. థాకరే ఈ నవలను కట్టిందే అలా. బెకీ ఎక్కిన ప్రతి మెట్టుకూ ఒక ధర ఉంది, ఆ ధర కట్టినవాళ్లు వేరే ఉన్నారు. ఆ పేర్లన్నీ పుస్తకంలో ఉన్నాయి కానీ అరపేజీలో వచ్చి పోతాయి. నోట్సు లేకుండా చదివితే వాళ్లు గుర్తుండరు. వాళ్లు గుర్తులేకపోతే బెకీ ఒక చలాకీ పిల్లగానే మిగిలిపోతుంది, నవలలో సగం పోతుంది.

1. బొమ్మలున్న ప్రతినే తీసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. ఈ నవలకు బొమ్మలు వేసింది థాకరేనే. అధ్యాయం మొదటి అక్షరం చుట్టూ చిన్న బొమ్మ, మధ్యమధ్య కథలో ఇమిడిన బొమ్మలు, విడిగా పూర్తి పేజీ బొమ్మలు ఉంటాయి. మాటల్లో చెప్పని సంగతిని ఆయన కొన్నిచోట్ల బొమ్మలో చెప్పాడు. చివరి అధ్యాయంలో ఒక మనిషి ఎలా చచ్చిపోయాడన్న ప్రశ్నకు ఉన్న అన్నిటికన్నా బలమైన సూచన బొమ్మలోనే ఉంది. చౌక ప్రతుల్లోనూ ఉచితంగా దొరికే చాలా ఫైళ్లలోనూ బొమ్మలు తీసేసి ఉంటాయి. కొనేముందు 51, 67 అధ్యాయాలు తిప్పి చూడండి. రెండుచోట్లా క్లైటెమ్నెస్ట్రా (గ్రీకు పురాణంలో భర్తను చంపిన రాణి) పేరుతో బొమ్మ ఉంటే ఆ ప్రతి పనికొస్తుంది.

సంక్షిప్త ప్రతులు వద్దు. వాటిలో మొదట కోసేది కథకుడి ఉపన్యాసాలనూ 36, 37 అధ్యాయాల లెక్కలనూ. మనకు కావలసింది సరిగ్గా అవే.

బొమ్మల్లో దుస్తులు చూసి కాలం లెక్కవేయకండి. కథ 1813 ప్రాంతంలో మొదలై 1830ల దాకా నడుస్తుంది. బొమ్మల్లో మాత్రం చాలామంది 1840ల ఫ్యాషన్‌లో కనిపిస్తారు. పాత కాలపు దుస్తులు మరీ వికారంగా ఉంటాయి, వాటిని నా పాత్రలకు తొడగడానికి మనసు రాలేదని థాకరే 6వ అధ్యాయానికి రాసిన అడుగు గమనికలో చెప్పుకున్నాడు.

2. నెలవారీ భాగాల ప్రకారం పంచుకోండి

ఈ నవల మొదట పుస్తకంగా రాలేదు. 1847 జనవరి నుంచి 1848 జులై దాకా, పసుపు అట్టతో, నెలకొక భాగంగా వచ్చింది. ఒక్కో భాగం 32 పేజీలు, ధర ఒక షిల్లింగు. చివరిది జంట సంచిక కాబట్టి మొత్తం 19 సార్లు వచ్చింది. ప్రతి భాగం చివర పాఠకుణ్ణి నెల రోజులు ఆపగలిగే మలుపు పెట్టాడు. ఆ మలుపుల దగ్గరే మీరూ ఆగండి. విభజన ఇది:

1–4, 5–7, 8–11, 12–14, 15–18, 19–22, 23–25, 26–29, 30–32, 33–35, 36–38, 39–42, 43–46, 47–50, 51–53, 54–56, 57–60, 61–63, 64–67.

వారానికి ఒక భాగం చొప్పున 19 వారాల్లో అయిపోతుంది. ఒక్కో భాగం సగటున 16 వేల మాటలు. నిమిషానికి 150 మాటలు చదివేవాళ్లకు ఇంచుమించు గంటా ముప్పావు పడుతుంది, నోట్సుకు ఇంకో పావుగంట వేసుకోండి. దాన్ని రోజుకు పదిహేను నిమిషాలుగా చేసుకోవడం కన్నా రెండు విడతల్లో చదవడం మంచిది. థాకరే వాక్యాలు పొడవు. ఒక వాక్యంలో పొగడ్తగా మొదలైంది చివరికొచ్చేసరికి కత్తిపోటుగా మారుతుంది. తల అందులో కుదురుకోవడానికే పది నిమిషాలు కావాలి.

9వ భాగం, అంటే 30–32, ఒకే విడతలో చదవండి. అక్కడ మధ్యలో లేవడం నవలకు అన్యాయం.

3. మొదటి పేజీలో వంశవృక్షం వేసుకోండి

7వ అధ్యాయం తెరిచేముందే ఇది రాసి పెట్టుకోండి.

క్రాలీలు: ముసలి సర్ పిట్ క్రాలీ, బారొనెట్, పరమ పిసినారి. ఆయన తమ్ముడు బ్యూట్, చర్చి పాదిరి. బ్యూట్ భార్య ఇంకా ముఖ్యం, ఆ ఇంట్లో ఎత్తులన్నీ ఆవిడవే. వాళ్ల సవతి తోబుట్టువు మిస్ క్రాలీ, పెళ్లి కాని ధనవంతురాలు, 70,000 పౌండ్ల ఆస్తి. సర్ పిట్ పెద్దకొడుకు పేరూ పిట్టే, తండ్రి పోయాక ఇతనే సర్ పిట్ అవుతాడు. ఇతని భార్య లేడీ జేన్. రెండోకొడుకు రాడన్, సైన్యంలో కెప్టెన్, జూదగాడు, బెకీ భర్త. బెకీ కొడుకు పేరూ రాడనే.

ఆ ఇంట్లో పిల్లలకు అప్పటికి అధికారంలో ఉన్న పెద్దమనిషి పేరు పెట్టడం ఆచారం. వాల్‌పోల్, పిట్, బ్యూట్, రాడన్ అన్నీ రాజకీయ నాయకుల పేర్లే. ఏ కాలంలో ఎవరి కాళ్లు పట్టుకున్నారో వంశవృక్షంలోనే తెలిసిపోతుంది. సామాజిక నిచ్చెన బెకీ ఒక్కతే ఎక్కడం లేదని థాకరే ఇక్కడే చెప్పేశాడు.

సెడ్లీలు: లండన్ స్టాక్ వ్యాపారి జాన్ సెడ్లీ, కూతురు అమీలియా, కొడుకు జోస్. జోస్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, బెంగాల్‌లో కలెక్టరు.

ఆస్బర్న్‌లు: సెడ్లీ చేయిపట్టి పైకి తెచ్చిన వ్యాపారి, అతని కొడుకు జార్జ్. జార్జ్ కొడుకు కూడా జార్జే, జార్జీ అంటారు. వీళ్లకు తోడు రాజు నాలుగో జార్జ్ కూడా వస్తాడు.

విలియం డాబిన్: కిరాణా వర్తకుడి కొడుకు, జార్జ్ స్నేహితుడు, అమీలియాను మూగగా ప్రేమించేవాడు.

లార్డ్ స్టెయిన్: మార్క్విస్. బిరుదుల వరుస కూడా పక్కన రాసుకోండి: డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. బారొనెట్ వీళ్లందరికీ కింద. వంశపారంపర్య బిరుదే కానీ ప్రభువుల సభలో చోటుండదు. బారొనెట్ ఇంటి పంతులమ్మ మార్క్విస్ భోజనాల బల్ల దాకా వెళ్లడమంటే ఎంత ఎత్తో ఈ వరుస చూస్తేనే అర్థమవుతుంది.

4. డబ్బు కొలతలు

12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గినీ. ఈ మొత్తాలను నేటి రూపాయల్లోకి మార్చకండి. మారిస్తే సంఖ్య పెద్దదవుతుంది తప్ప బరువు తెలియదు. నవలలోని ఒక మొత్తాన్ని నవలలోని ఇంకో మొత్తంతోనే కొలవండి.

దివాలా తీసిన తల్లిదండ్రులకు జోస్ ఏడాదికి పంపేది 120 పౌండ్లు. ఆ ఇంటి సామాను వేలం వేసినప్పుడు డాబిన్ అమీలియా పియానోను 25 గినీలకు పాడతాడు, అంటే 26 పౌండ్ల 5 షిల్లింగులు. ఆ ముసలివాళ్ల ఏడాది బత్తెంలో ఐదో వంతు పైనే. చిన్న చతురస్రపు పియానో అని చదివి పేజీ తిప్పేస్తే డాబిన్ ఎంత ప్రేమించాడో తెలియదు. 5,000 పౌండ్ల ఆదాయం ఉంటే నేనూ మంచిదాన్నే అయ్యుండేదాన్నని బెకీ 41వ అధ్యాయంలో అనుకుంటుంది. మిస్ క్రాలీ 70,000 నవలలో 5 శాతం ప్రభుత్వ పత్రాల్లో ఉంది, అంటే ఏడాదికి 3,500 వస్తుంది. మంచితనానికి బెకీ కోరిన ధర దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఆ కాలపు మూడు పద్ధతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, సైన్యంలో ఆఫీసరు పదవులను కొనేవారు, అమ్మేవారు. 1871 దాకా ఇది నడిచింది. కాబట్టి రాడన్ ఉద్యోగం కూడా ఒక ఆస్తే. రెండు, అప్పు తీర్చనివాణ్ణి అప్పులవాడు అరెస్టు చేయించవచ్చు. మొదట బంట్రోతు నడిపే లాకప్ ఇంట్లో ఉంచుతారు, అక్కడా డబ్బు కట్టకపోతే జైలు. మూడు, పార్లమెంటు సభ్యుణ్ణి అప్పు కింద అరెస్టు చేయడం కుదరదు. ముసలి సర్ పిట్ పార్లమెంటు సీటును పట్టుకు వేలాడటం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

సెడ్లీ దివాలా కూడా ఊరికే జరగలేదు. 1815 మార్చిలో నెపోలియన్ ఎల్బా దీవి నుంచి తప్పించుకుని ఫ్రాన్సులో దిగాడు. ప్రభుత్వ పత్రాల ధర పడిపోయింది. పెరుగుతుందని పందెం కాసిన సెడ్లీ మునిగిపోయాడు. ఒక యుద్ధవార్త అమీలియా, జార్జ్‌ల పెళ్లి సంబంధాన్ని ఎలా చెడగొట్టిందో 18వ అధ్యాయంలో తేదీ చూస్తూ చదవండి.

5. నోటుబుక్కులో గడులు

రెండు పేజీలు ఎదురెదురుగా వాడండి. ఎడమ పేజీలో నాలుగు గడులు గీయండి: అధ్యాయం, బెకీ ఎక్కడ ఉంది, ఏం దక్కింది, ఎవరు కట్టారు. కుడి పేజీ అమీలియాకు, డాబిన్‌కు. ప్రతి భాగానికి మూడు నాలుగు పద్దులు చాలు. ఎక్కువ రాయబోతే చదవడం ఆగిపోతుంది.

ఎడమ పేజీలో చిరునామాలు వరుసగా ఇలా పడతాయి: చిజిక్‌లో మిస్ పింకర్టన్ బడి, వర్తకులుండే రస్సెల్ స్క్వేర్, పల్లెలో క్వీన్స్ క్రాలీ, మిస్ క్రాలీ ఉండే పార్క్ లేన్, బ్రస్సెల్స్, ప్యారిస్, మేఫెయిర్‌లో కర్జన్ వీధి, రాజదర్బారు, స్టెయిన్ నివాసం గాంట్ హౌస్. ఆ తర్వాత కిందికి: బులోన్, ఇంకా ఎన్నో యూరప్ ఊళ్ల చవక గదులు, పంపర్నికెల్ అనే కల్పిత జర్మన్ ఊరు.

ఎవరు కట్టారన్న గడి మొదట్లో ఖాళీగా ఉంటుంది. అలాగే ఉండనివ్వండి. 36, 37 అధ్యాయాల్లో ఒక్కసారిగా నిండుతుంది.

36వ అధ్యాయం పేరే ఏడాదికి సున్నా ఆదాయంతో బాగా బతకడం గురించి. అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేసినదాన్ని థాకరే రెండు అధ్యాయాల పాటు లెక్కలతో విప్పుతాడు. బెకీ ప్యారిస్ నుంచి ఒంటరిగా లండన్ వచ్చి, భర్త అప్పులవాళ్లతో బేరమాడి, 1,500 పౌండ్ల నగదుతో అంతకు పదిరెట్లకు మించిన అప్పు కొట్టేయిస్తుంది. వాళ్లెందుకు ఒప్పుకున్నారు? రాడన్‌కు రావలసిన ఆస్తి వేరేవాళ్లకు పోయిందనీ, ఇదీ తీసుకోకపోతే అసలేమీ రాదనీ ఆమె వాళ్లను నమ్మించింది. ఆ సంభాషణను థాకరే చూపించడు, ఫలితం మాత్రమే చెబుతాడు.

తర్వాత ర్యాగల్స్ వస్తాడు. ఇతని పేరు నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాయండి. మిస్ క్రాలీ ఇంట్లో బట్లరుగా పనిచేసి, జీతం కూడబెట్టి, కూరగాయల కొట్టు పెట్టి, ఆ పైన అప్పు చేసి కర్జన్ వీధిలో సామానుతో సహా ఇల్లు కొన్నాడు. క్రాలీ వంశం మీద భక్తితో దాన్ని రాడన్ దంపతులకు అద్దెకిచ్చాడు. అద్దె రాలేదు. పైగా ఇంటి పన్నులూ, వాళ్లు తినే కూరగాయలూ అతనివే. చివరికి కుటుంబం రోడ్డున పడి, అతను అప్పుల జైలుకు వెళ్తాడు. బట్టలుతికే ఆమెకు డబ్బు లేదు, మాంసం కొట్టువాడికి లేదు, నౌకర్ల జీతాలు లేవు. బెకీ ఇంట్లో ఉండే మిస్ బ్రిగ్స్ దాచుకున్న డబ్బూ అటే పోతుంది. ఆ బాకీ తీర్చాలని లార్డ్ స్టెయిన్ దగ్గర బెకీ డబ్బు తీసుకుంటుంది. అసలు అప్పుకు దాదాపు రెట్టింపు అడిగిందని 48వ అధ్యాయంలో బయటపడుతుంది.

ఈ నవలలో పొరపాటుగా చదివేది ఎక్కువగా ఇక్కడే. బెకీ దొరల్ని మోసం చేసింది, దొరలకు అలాగే కావాలి అనుకుంటూ చాలామంది ముందుకు పోతారు. పద్దులు చూడండి. ఆమె మునగగొట్టిన దొర ఒక్కడూ లేడు. మునిగినవాళ్లంతా బట్లర్లు, తోడుగా ఉన్న పేద స్త్రీలు, చాకలివాళ్లు. పేదింట్లో పుట్టి పైకెక్కాలనుకున్న పిల్ల మీద మనకు ఎంత జాలి ఉన్నా, ఆ జాలి ర్యాగల్స్ మీద కూడా ఉండాలని ఈ రెండు అధ్యాయాలు అడుగుతాయి.

6. కథకుణ్ణి నమ్మే పద్ధతి

ఈ కథకుడు పాఠకుడి భుజం మీద చేయి వేసి మాట్లాడతాడు. మొదట్లో తెర ముందు నిలబడి తాను బొమ్మలాట నడిపేవాణ్ణంటాడు. ఆ ముందుమాట కింద 1848 జూన్ 28 అని తేదీ ఉంటుంది. అంటే నవలంతా పూర్తయ్యాక రాసింది. కాబట్టి దాన్ని మొదట ఒకసారి, చివర ఇంకోసారి చదవండి.

ఈ కథకుడికి అన్నీ తెలుసు అనుకోవడం పొరపాటు. 47లో గాంట్ హౌస్ రహస్యాలు చెప్పేది టామ్ ఈవ్స్ అనే పుకార్ల మనిషి నోట. 62లో పంపర్నికెల్ ఊళ్లో ఈ పాత్రల్ని తానే స్వయంగా చూశానంటాడు. అంటే అతనూ ఆ సంతలో (ఫెయిర్ అంటే సంతే) తిరిగేవాడే, చెప్పేవాటిలో కొన్ని విన్నవి, కొన్ని ఊహించినవి. అతను ప్రశ్న వేసి జవాబు చెప్పని చోట అంచున గీత పెట్టండి. 53లో ఆమె తప్పు చేసిందా లేదా అని అతనే అడుగుతాడు, చెప్పడు. 64లో జలకన్య పోలిక తెచ్చి, నీటి పైన కనిపించేదంతా మర్యాదగానే చూపించాను కదా, నీళ్ల కింద చూడాలనుకుంటే మీ ఇష్టం అన్నట్టు తప్పుకుంటాడు.

అతను మనల్ని కూడా వదలడు. 9లో మిస్ క్రాలీ బ్యాంకు నిల్వ గురించి చెబుతూ, మీ ఇంటికి డబ్బున్న ముసలి పిన్ని వస్తే ఎంత మర్యాద చేస్తారో గుర్తు తెచ్చుకోండి అంటాడు. ఇలాంటివి ఉపన్యాసాలని దాటేస్తే బెకీ పాపాలు బెకీవిగానే ఉండిపోతాయి. ఆగి చదివితే పిట్, బ్యూట్ భార్య, ఆస్బర్న్, అందరూ అదే బల్ల చుట్టూ కూర్చున్నట్టు కనిపిస్తుంది.

7. నెమ్మదిగా చదవాల్సిన చోట్లు

30వ అధ్యాయం. బ్రస్సెల్స్‌లో యుద్ధానికి బయల్దేరే ముందు రాడన్, తాను చచ్చిపోతే బెకీ ఏమేం అమ్ముకోవచ్చో జాబితా రాస్తాడు. తన రెండు గొట్టాల తుపాకీ 40 గినీలు, బొచ్చు లోపలివైపు కుట్టిన కోటు 50 పౌండ్లు, ద్వంద్వ యుద్ధపు పిస్తోళ్లు 20 పౌండ్లు అంటూ. మంచి యూనిఫారం ఆమెకు వదిలి, పాతది తొడుక్కుని వెళ్తాడు. చదువు రాని జూదగాడికి ప్రేమలేఖ రాయడం చేతకాక సామాను జాబితా రాశాడు. డబ్బు గురించిన ఈ నవలలో ప్రేమకు ఇంతకన్నా మంచి పేజీ లేదు. అతను వెళ్లిపోయాక బెకీ కూర్చుని తన ఆస్తి లెక్క వేసుకుంటుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

32వ అధ్యాయం చివరి పేరా. 1815 జూన్ 18 వాటర్లూ యుద్ధాన్ని థాకరే యుద్ధభూమి నుంచి చూపించడు, బ్రస్సెల్స్‌లో ఫిరంగుల మోత వింటున్నవాళ్ల నుంచి చూపిస్తాడు. ప్రధాన పాత్ర ఒకరి చావు ఒక వాక్యం చివర, విశేషణం లేకుండా వస్తుంది. 1847 సెప్టెంబరు భాగం అక్కడితో ముగిసింది. తొందరలో ఉన్నవాళ్లు ఆ వాక్యాన్ని దాటిపోయి, తర్వాతి భాగంలో తికమకపడతారు.

48వ అధ్యాయం. బెకీ రాజదర్బారుకు వెళ్తుంది. ఆ రోజు ఒంటి మీద ఏది ఎక్కడిదో పద్దు రాయండి. పట్టు బట్ట, లేసు బావగారి పాత ఇల్లు సర్దుతూ బీరువాల్లో దొరికినవి. వజ్రాలు అద్దెవని బెకీ చెప్పుకుంటుంది, నిజానికి ఒకటి బావ పిట్ చాటుగా ఇచ్చింది, మిగిలినవి స్టెయిన్‌వి. వీటి సంగతి భర్తకూ పూర్తిగా తెలియదు. దర్బారులో ఒక్కసారి వంగి నమస్కరించి వస్తే అప్పటిదాకా ఉన్న మచ్చలన్నీ కడిగినట్టేనన్నది ఆ సమాజపు నియమం.

49వ అధ్యాయం దీనికి జోడు. గాంట్ హౌస్‌లో భోజనాలయ్యాక ఆడవాళ్లు విడిగా హాల్లోకి వెళ్తారు, మగవాళ్లు లేని ఆ అరగంట బెకీతో ఎవరూ మాట్లాడరు. స్టెయిన్ భార్యే జాలిపడి పాడమంటుంది. బెకీ మొజార్ట్ పాడుతుంది, ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. దర్బారు ఇచ్చిన యోగ్యతాపత్రం ఆడవాళ్ల గదిలో చెల్లలేదని థాకరే ఇక్కడ చూపిస్తాడు.

53వ అధ్యాయం. రాడన్ అప్పుల లాకప్ నుంచి ఉత్తరం రాస్తే బెకీ ఒంట్లో బాలేదని తీయగా జవాబు రాస్తుంది. డబ్బు కట్టి విడిపించింది వదిన లేడీ జేన్. ఇంటికొచ్చేసరికి స్టెయిన్ అక్కడున్నాడు. రాడన్ బెకీ పెట్టె తెరిపిస్తే వెయ్యి పౌండ్ల నోటు బయటపడుతుంది. అతను అన్నది ఒక్కటే: నా దగ్గరున్నది ఎప్పుడూ నీతో పంచుకున్నాను, ఇందులో వంద నాకోసం ఇవ్వలేకపోయావా అని. పరాయి మగవాడితో కనిపించిందన్న దానికన్నా పెట్టెలో దాచిన డబ్బే అతన్ని విరిచింది. 30వ అధ్యాయపు జాబితా గుర్తున్నవాళ్లకే ఈ మాట బరువు తెలుస్తుంది.

8. భారతదేశం వచ్చే పేజీలు

థాకరే 1811 జులై 18న కలకత్తాలో పుట్టాడు. తండ్రి కంపెనీ ఉద్యోగి, పిల్లవాడికి నాలుగేళ్లప్పుడే పోయాడు. తర్వాత పిల్లవాణ్ణి ఇంగ్లండు పంపేశారు. తాత సిల్హెట్‌లో ఏనుగులు పట్టించి అమ్మినవాడు. పెదనాన్న వరసయ్యే విలియం థాకరే మద్రాసు సర్వీసులో, నిజాం 1800లో కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో మన్రో కింద ఆదోని వైపు పనిచేశాడు. ఇంకో బంధువు, ధార్వాడ కలెక్టరు, 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ సేనల చేతిలో చచ్చిపోయాడు. కలెక్టరు జోస్‌ను తయారుచేసిన పదార్థం ఇంట్లోనే దొరికిందన్నమాట.

3వ అధ్యాయంలో జోస్‌ను పెళ్లాడాలని లెక్క వేసుకున్న బెకీ, ఇండియా నుంచి వచ్చేదేదైనా బాగుంటుందని చెప్పి కూర తింటుంది. నోరు మండుతుంటే, పచ్చగా కనిపించే మిరపకాయ చల్లగా ఉంటుందనుకుని దాన్నీ కొరుకుతుంది. మంట తగ్గాక తమాయించుకుని, అరేబియన్ నైట్స్‌లో రాకుమారి మీగడ రొట్టెల్లో మిరియాలు వేసిన సంగతి గుర్తుంచుకోవాల్సింది అని నవ్వుతూ అంటుంది. ఓడిన చోట కూడా పుస్తకజ్ఞానంతో లేచి నిలబడటం ఆమెకు ఎంత సహజమో ఈ ఒక్క భోజనంలో తెలిసిపోతుంది. జోస్‌ను ఆమె వదలదు, చివరి భాగం దాకా ఈ పద్దు తెరిచే ఉంచండి.

43వ అధ్యాయం మద్రాసు ప్రెసిడెన్సీలో, బండిల్‌గంజ్ అనే కల్పిత సైనిక స్థావరంలో నడుస్తుంది. డాబిన్ ఉన్నది అక్కడే. అతను తిరిగి వెళ్లేదీ మద్రాసు నుంచి, రామ్‌చందర్ అనే ఓడలో.

ఈ పేజీల్లో ఇండియా మనుషులకు ముఖాలుండవు, నౌకర్లుగా కనిపించి పోతారు. వెస్టిండీస్ వారసురాలు మిస్ స్వార్జ్‌ను, నల్లజాతి నౌకరును వర్ణించిన తీరూ, వేసిన బొమ్మలూ అవమానకరంగానే ఉన్నాయి. దాన్ని దాచక్కర్లేదు. ఆస్బర్న్ తన కొడుక్కి ఆమెను కట్టబెట్టాలనుకునేది ఆమె డబ్బు కోసమేనన్న పద్దు కూడా పక్కనే రాసుకోండి.

9. చివరి భాగం

64–67 చదివేటప్పుడు రెండు విషయాల మీద కన్ను వేసి ఉంచండి.

ఒకటి, బెకీ చేసిన మేలు. వాటర్లూకు ముందు, తనతో లేచిపోదామని జార్జ్ బెకీకి రాసిన చీటీని ఆమె ఇన్నేళ్లు దాచి, అమీలియాకు చూపిస్తుంది. చచ్చిపోయిన భర్తను దేవుడిలా పూజిస్తున్న అమీలియా అక్కడితో డాబిన్ వైపు తిరిగిందని చాలామంది చెబుతారు. సరిగ్గా చదవండి. అమీలియా అప్పటికే డాబిన్‌కు ఉత్తరం రాసేసింది. చీటీ ఆమె మనసు మార్చలేదు, మారిన మనసుకు ధైర్యమిచ్చింది.

రెండు, జోస్ చావు. భీమా డబ్బులో వాటా బెకీకి వస్తుంది, కంపెనీ అనుమానిస్తుంది. బెకీ తరఫు న్యాయవాదుల సంస్థ పేరు బర్క్, థర్టెల్, హేస్. ముగ్గురూ ఆ కాలపు పాఠకులకు తెలిసిన హంతకుల పేర్లు. మాటల్లో హత్య అన్నది ఎక్కడా లేదు. ఇప్పుడు బొమ్మ చూడండి: తెర వెనక బెకీ, కింద క్లైటెమ్నెస్ట్రా వేషంలో ఆమె రెండోసారి అని రాసి ఉంటుంది. మొదటిసారి వేసింది 51లో, గాంట్ హౌస్ వేడుకలో, భర్తను చంపిన రాణిగా. నిజంగా చంపిందా అన్నది తేల్చే ఆధారం నవలలో లేదు. ఉందన్నట్టు వాదించే వ్యాసాలు చదివి నిర్ణయానికి రాకండి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని మీరే చూడండి.

డాబిన్, అమీలియాల కుడి పేజీ కూడా చివరికంటా నింపండి. పెళ్లయ్యాక డాబిన్ అందరికన్నా ఎక్కువగా ప్రేమించేది కూతురిని. నన్నంత ప్రేమించడం లేదని అమీలియా నిట్టూరుస్తుంది. పన్నెండేళ్లకు పైగా ఆమె ఊరికే వాడుకున్న ప్రేమ అది, ఆ వాడకం కూడా ఒక బాకీయే. బెకీ వాడుకున్నదాన్ని గుర్తించినంత సులువుగా అమీలియా వాడుకున్నదాన్ని పాఠకులు గుర్తించరు.

తెర మీద వచ్చినవి నవల అయ్యాకే చూడండి. 1935లో వచ్చిన బెకీ షార్ప్ మూడు రంగుల టెక్నికలర్ పద్ధతిలో పూర్తిగా తీసిన మొదటి కథాచిత్రం, అందులో బ్రస్సెల్స్ విందు దృశ్యం ఆ రంగుల కోసమైనా చూడాలి. మీరా నాయర్ 2004లో తీసిన చిత్రంలో ముగింపు మారిపోయింది, బెకీ జోస్‌తో ఇండియాకు వస్తుంది. చూశాక మీ నోటుబుక్కులో ఎవరు కట్టారన్న గడి తీసి, ర్యాగల్స్ ఆ సినిమాల్లో ఎంతసేపు కనిపించాడో సరిచూసుకోండి.